స్టెతస్కోపన్న కొన్న బండి

మా షెడ్డుకు వచ్చే డ్రైవర్లందరికీ వెక్కిరింపు పేర్లే ఉండేవి. ఒకడు హారను, ఒకడు కునికిపాటు, ఇంకొకడు రేపొస్తా. ఒక్కాయనకు మాత్రం బిరుదులాంటి పేరు పడింది. స్టెతస్కోపన్న. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని, కళ్ళు మూసుకొని నిమిషం నిలబడేవాడు. ఏ సిలిండరుకు ఏ రోగమో చెప్పేసేవాడు. విప్పి చూస్తే పొల్లు పోయేది కాదు. నేను రెండు రోజులు నడుం విరగ్గొట్టుకొని కనుక్కునే రోగాన్ని ఆయన టీ చల్లారేలోపు చెబుతుంటే నాకు ఒళ్ళు మండేది కూడా.

నేను గేర్‌బాక్సు మేస్త్రీని. గేర్లు, ఇరుసులు విప్పి బిగించడం నా పని. నోటి దురుసువాడినని షెడ్డులో పేరుంది. బండిని సరిగా చూసుకోని ఓనర్లను వాళ్ళ మొహం మీదే తిట్టిన రోజులున్నాయి. అలాంటి నోరు తెరవాల్సిన ఒకే ఒక్క రోజు మూతపడింది. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా.

ఆయన ఇరవై రెండేళ్ళు ఇతరుల బళ్ళు నడిపాడు. వెనక ట్రైలరు తగిలించుకొని లాగే పద్దెనిమిది చక్రాల ట్రక్కులు. ఇనుము, సిమెంటు, గాజు పలకలు, ఏది ఎక్కించినా గీత పడకుండా దించేవాడు. టైర్ల దుకాణం పైన రెండు గదుల ఇల్లు. ఒక గదిలో వదిన కుట్టుమిషను, రెండో గదిలో మంచం, బీరువా. ఆయన ట్రిప్పు నుంచి వచ్చి పడుకుంటే వదిన మిషను ఆపబోయేది. ఆపొద్దనేవాడు. ఆ చప్పుడు ఆగితేనే తనకు మెలకువ వస్తుందట.

సొంత బండి మాట పదేళ్ళుగా ఆయన నోట్లో నానుతూనే ఉండేది. బండి కొనడానికి ఏడాది ముందు కంపెనీవాళ్ళు క్యాబిన్‌లో కెమెరా బిగించాక అది పట్టుదలగా మారింది. ఆవులిస్తే ఫోను, పక్కకు చూస్తే ఫోను. ఆఫీసులో కూర్చున్న కుర్రవాడెవడో ఫోన్ చేసి, కునుకు తీస్తున్నారా అంకుల్ అని అడిగేవాడు.

"ఇరవై రెండేళ్ళు సరుకు మీద గీత పడనివ్వలేదురా. ఇప్పుడు నా ఆవులింతలు లెక్కపెడుతున్నారు" అన్నాడు నాతో. నవ్వుతూనే అన్నాడు కానీ, ఆ రోజు టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు.

మొదటి బండికి అప్పిచ్చేవాళ్ళు యాభై దాటినవాణ్ణి గడప తొక్కనివ్వరు. ఆయనకు నలభై తొమ్మిది నిండాయి. ఇల్లు కట్టుకుందామని ఎప్పుడో కొన్న చిన్న జాగా ఒకటి ఉంటే అదీ అమ్మేశారు. కొంటే ఆ ఏడే కొనాలి. కొన్నది మంచిదై ఉండాలి. పాడుబండి తగిలితే దాన్ని వదిలించుకొని ఇంకోటి కొనే స్తోమత ఆ ఇంట్లో లేదు. ఈ సంగతి ఆయనకూ తెలుసు, వదినకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి. ఆయన చెవులు పోతున్నాయి. దీన్ని కనిపెట్టింది నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి. బండి కొనడానికి రెండేళ్ళ ముందు ఒకరోజు ఇద్దరం షెడ్డు ముందు నిలబడి మాట్లాడుకుంటున్నాం. ఆయన వెనక నుంచి ఒక లారీ రివర్సులో వస్తోంది. దాని బజరు వీధి చివరిదాకా వినబడేలా మోగుతోంది. టీ కొట్టు దగ్గరివాళ్ళు కూడా తలలు తిప్పి చూశారు. ఆయన తిప్పలేదు. చొక్కా పట్టుకొని ఇవతలకు లాగేశాను.

"బజరు పాడైనట్టుందన్నా. వెధవలు, బాగు చేయించుకోరు" అన్నాను.

ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, "అవును, వెధవలు" అన్నాడు.

తర్వాత గమనిస్తూ వచ్చాను. అవతలివాళ్ళు మాట్లాడుతుంటే కళ్ళలోకి చూడడం మానేసి నోటి వైపు చూస్తున్నాడు. లావు చప్పుళ్ళు అందుతున్నాయి, సన్నవి అందడం లేదు. ఇరవై రెండేళ్ళు ఇంజను పక్కన, తెరిచిన కిటికీ పక్కన కూర్చున్న చెవులు మరి. స్క్రూడ్రైవరు పెట్టి వినమని ఎవరైనా అడిగితే, "ఎన్నాళ్ళని నేనే వినాలి, మీరూ నేర్చుకోండి" అని దాటేసేవాడు. ఆ మాట బయటకు పొక్కితే డ్రైవరుగా ఆయన పని అయిపోయినట్టే. లైసెన్సు కోసం డాక్టరు దగ్గరకు పంపిస్తారు. అందుకని నేను ఎవరితోనూ అనలేదు. ఆయనతో అసలే అనలేదు.

బండి వెతకడం మొదలుపెట్టాక ఒకరోజు షెడ్డుకొచ్చి, "ఆదివారాలు నాకివ్వరా" అన్నాడు.

"నేనెందుకన్నా? నీకు తెలియని బండి ఉందా?"

"ఇద్దరం చూస్తే మంచిది. ఒకరికి తట్టనిది ఇంకొకరికి తడుతుంది."

మర్యాద కోసం అంటున్నాడనుకొని మురిసిపోయాను. బయలుదేరేటప్పుడు వదిన మెట్ల దాకా వచ్చి, "తమ్ముడూ, ఆయనకు నచ్చితే చాలదు. నీకూ నచ్చాలి" అంది. దాన్ని కూడా మర్యాద కిందే కట్టేశాను. మంచి మాటను మర్యాదనుకొని దులిపేసుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

అలా ఏడు ఆదివారాలు తిరిగాం. మొదటి బండి కొత్త పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది. బానెట్టు ఎత్తితే ఇంజను కూడా తళతళలాడుతోంది. "స్నానం చేయించిన ఇంజనును నమ్మకు. నూనె ఎక్కడ కారుతోందో మనకు కనబడకూడదని కడిగారు" అని వెనక్కి తిరిగాడు. పైన పటారం, లోన లొటారం. రెండో బండి మీటరు చూస్తే నిన్నగాక మొన్న రోడ్డెక్కినట్టుంది. ఆయన వంగి బ్రేకు పెడలు తడిమాడు. రబ్బరు అరిగి ఇనుము తేలింది. "మీటరును తిప్పొచ్చు. పెడలు మీద పడ్డ కాలిని ఎవడు తిప్పుతాడు?" అన్నాడు. ఇంకోచోట స్టార్టు కూడా చేయించలేదు. రేడియేటరు మీద అరచెయ్యి పెట్టి తీసేశాడు. వెచ్చగా ఉందట. చల్లగా ఉన్నప్పుడు లేవని ఇంజనును మనం వచ్చేలోపు లేపి కూర్చోబెట్టారన్నమాట.

ఏ బండి దగ్గరా ఆయన స్క్రూడ్రైవరు తీయలేదు. చేతులతో చూశాడు, కళ్ళతో చూశాడు, వేలికంటిన నూనెను వాసన చూశాడు. స్టార్టు చేయించినప్పుడల్లా నన్ను బండి పక్కన నిలబెట్టి, "ఎలా ఉంది?" అని అడిగేవాడు. గేరు గరగరలాడుతోందన్నా అనో, మూడో సిలిండరు కొట్టుకుంటోంది అనో నేను చెప్పేసేవాణ్ణి. ఆ ఆరు బళ్ళకూ వంకలు చెప్పడం నాకు సులువే అయింది, అవి ఆయనకు అప్పటికే నచ్చలేదు గనక.

ఏడో ఆదివారం ఊరి చివర పాత బళ్ళు అమ్మే యార్డులో బూడిదరంగు బండి కనబడింది. దుమ్ము కొట్టుకొని ఉంది. ఒకే డ్రైవరు తొమ్మిదేళ్ళు నడిపిన సొంత బండి. చేయించిన ప్రతి రిపేరు రసీదూ ఒక ప్లాస్టిక్ సంచిలో వరసగా పెట్టి ఉంది. ఇంజను మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. తాళం తిప్పగానే రెండో ఊపుకే లేచింది. ఆయిల్ పోసే మూత విప్పి, బోర్లించి అదే కంత మీద పెట్టాడు. ఇంజను లోపల అరిగిపోయి ఉంటే గాలి తన్ని ఆ మూత ఎగిరిపడుతుంది. ఇది కదిలీ కదలనట్టు ఊరుకుంది. ముందు టైరు కింద గునపం పెట్టి లేపి చూశాడు, ఊగులాట లేదు. ట్రైలరు తగిలించే పళ్ళెం కిందికి దూరి, కొండి పళ్ళను వేలితో తడిమి, మోచేతుల దాకా గ్రీజుతో బయటకొచ్చాడు.

తర్వాత చెప్పులు విప్పి క్యాబిన్ ఎక్కాడు. సీటు వెనక ఉన్న పడక మీద కాళ్ళు ముడుచుకొని పడుకొని, కప్పు వైపు చూస్తూ కొంతసేపు ఉండిపోయాడు. లేచి జేబులోంచి వదిన టేపు తీశాడు, బట్టలు కొలిచేది. కిటికీల పొడుగూ వెడల్పూ కొలిచి, అంకెలు అరచేతి మీద రాసుకున్నాడు.

"మీ వదిన కర్టెన్లు కుడుతుందట" అన్నాడు, నా వైపు చూడకుండా.

ముందు చూసిన ఆరు బళ్ళలో ఒక్కదాని కిటికీలూ కొలవలేదు. ఆ బండిని నడిపి చూడకముందే ఆయన మనసులో కొనేశాడని నాకు అర్థమైంది. నలభై తొమ్మిదేళ్ళ మనిషి, గ్రీజు చేతులతో టేపు చుడుతూ అంత సిగ్గుపడడం నేనెప్పుడూ చూడలేదు.

యార్డు నడిపే బ్రోకరు కూడా ఎక్కి వెనక పడక మీద కూర్చున్నాడు. మాటకు ముందు నవ్వే రకం. స్టెతస్కోపన్న నడుపుతున్నాడు, నేను పక్క సీటులో ఉన్నాను. ట్రైలరు లేదు, ఖాళీ బండి. పెద్దరోడ్డు ఎక్కి వేగం యాభై దాటగానే మొదలైంది. వెనక నుంచి, కాళ్ళ కింద ఇనుము గుండా పాకి వచ్చే సన్నటి కూత. ఆయన యాక్సిలరేటరు మీద కాలు సడలించగానే ఆగిపోయింది. తొక్కగానే మళ్ళీ వచ్చింది.

పినియను బేరింగు. నాకు వీసమెత్తు అనుమానం లేదు. ఇంజను బలాన్ని వెనక చక్రాలకు తిప్పి ఇచ్చే ఇనుప బుర్రలో ఉంటుంది అది. అరిగితే మొదట కూస్తుంది. తర్వాత వేడెక్కుతుంది. అప్పటికీ పట్టించుకోకపోతే ఒకరోజు బిగుసుకుపోయి చక్రాలను పట్టేస్తుంది. వెనక్కి తిరిగి బ్రోకరు వైపు చూశాను. నవ్వు మానేసి కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు. బండిలో ముగ్గురం ఉన్నాం, ఇద్దరికి వినబడుతోంది.

"ఎలా ఉంది?" అన్నాడు స్టెతస్కోపన్న.

"ఇంజను బంగారం అన్నా."

"ఇంజను సంగతి నేనూ చూశాను. మొత్తం బండి ఎలా ఉంది?"

రోడ్డు మీద నుంచి చూపు తిప్పి నా నోటి వైపు చూశాడు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. కూత వస్తోందని అంటే ఎక్కడ అంటాడు. ఇదిగో, ఇంత గట్టిగా వస్తుంటే అని నేను అనాలి. వెనకాల ఆ బ్రోకరు వింటాడు. సాయంత్రానికల్లా ప్రతి టీ కొట్టులోనూ అదే మాట అవుతుంది, స్టెతస్కోపుకు చెవుడొచ్చిందట అని. ఇరవై రెండేళ్ళ పేరు ఒక్క పూటలో నవ్వులపాలవుతుంది.

"బాగుందన్నా" అన్నాను.

"ఖాయమేనా?"

"ఖాయం."

మొగమాటానికి పోతే కడుపొచ్చిందని సామెత. నాది దానికన్నా అధ్వానం, కడుపు వేరేవాళ్ళకొచ్చింది. అప్పటికి నేనేదో తప్పు చేస్తున్నట్టు కూడా తోచలేదు. ఆయిల్ మార్చాలనే వంకతో బండిని షెడ్డులో పెట్టించి, నా సొంత డబ్బుతో కొత్త బేరింగు వేసేద్దాం, ఆయనకు తెలియనే తెలియదు అనుకున్నాను. ఎంత మంచివాణ్ణో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. యార్డుకు తిరిగొచ్చి స్టెతస్కోపన్న సంతకాలు పెడుతుంటే సాక్షి సంతకం నేనే పెట్టాను.

వదిన నీలం రంగు కర్టెన్లు కుట్టింది. మూడో రోజునే లోడు దొరికింది.

"వెనక ఆయిల్ మార్చాలన్నా. ఒక్కరోజు వదిలిపెట్టు" అన్నాను.

"ఈ ట్రిప్పు అయిపోనీరా. మొదటి లోడు కాదనకూడదు."

తిరిగొచ్చేసరికి నా బల్ల మీద వేరే కంపెనీ గేర్‌బాక్సు ముక్కలు ముక్కలుగా పరిచి ఉంది, గడువు నెత్తి మీద ఉంది. వచ్చే వారం చూద్దామని నేనే అన్నాను. ఆ వచ్చే వారం ఆయన దూరపు ట్రిప్పులో ఉన్నాడు. ఫోన్ చేసి గుర్తుచేశాను. ఆయిలే కదా, కంగారేముంది అన్నాడు. నిజం చెబితే దారిలోనే బండి ఆపేసేవాడు. నిజం చెప్పకుండా ఆపాలంటే నా దగ్గర ఆయిలు తప్ప ఇంకో మాట లేదు. అలా ముప్పై ఎనిమిది రోజులు గడిచాయి.

ముప్పై తొమ్మిదో రోజు మిట్టమధ్యాహ్నం, ట్రైలరు నిండా నేలకు పరిచే పలకలతో ఒక పొడుగాటి వాలు దిగుతుండగా వెనక చక్రాలు పట్టేశాయి. ట్రైలరు ఒక పక్కకు విరుచుకొని, బండిని కూడా తిప్పి పడేసింది. ఎదురుగా ఎవరూ రాకపోవడం మాత్రమే అదృష్టం. ఆయనకు మూడు పక్కటెముకలు విరిగాయి. నేను వెళ్ళేసరికి రోడ్డంతా పలకల పెంకులు. పక్కకు ఒరిగిపోయిన బండి కిటికీలోంచి ఆ నీలం గుడ్డ వేలాడుతోంది. దాన్ని లోపలికి తోసి అద్దం ఎక్కించబోయాను. అద్దం లేదు.

ఆసుపత్రిలో ఎముకలతోపాటు చెవులూ చూశారు. ఆ కాగితం వెళ్ళాల్సిన చోటుకు వెళ్ళింది. పెద్ద బళ్ళు నడిపే లైసెన్సు రద్దయింది. బండి పాత ఇనుము కింద పోయింది. దాని వెనక బుర్ర విప్పింది నేనే. బేరింగు కాలి నీలంగా మారి, ఇరుసుకు అతుక్కుపోయి ఉంది. చుట్టూ చేరిన డ్రైవర్లు అడిగితే, ఇది ముందుగా తెలిసే రోగం కాదన్నాను. చెప్పింది గేర్‌బాక్సు మేస్త్రీ కాబట్టి అందరూ నమ్మారు.

ఆ తర్వాత టైర్ల దుకాణం వీధిలోకి వెళ్ళడం మానేశాను. దూరమైనా చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి. ఆయన రోడ్డు చివర కాటా దగ్గర పనికి కుదిరాడని విన్నాను. బరువు తూచే ఇనుప పలక మీదికి లారీ ఎక్కుతుంది, ఆయన అద్దాల గదిలో కూర్చొని చీటీ రాసి ఇస్తాడు. చీటీ అందుకునే డ్రైవర్లు చెవిటాయనా అని పిలుస్తున్నారట. స్టెతస్కోపు అన్న పేరు ఎంత తొందరగా మరిచిపోయారో. అది విన్న రోజు ఒకడి కాలరు పట్టుకున్నాను. పట్టుకొని ఏమనాలో తోచక వదిలేశాను.

ఏడాది తర్వాత ఇక ఉండబట్టలేక వెళ్ళాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా వెళ్ళాను. పగటి పూట, రద్దీ లేని సమయం. గది ఇరుకు. ఒక బల్ల, రెండు కుర్చీలు, బరువు చూపించే పెట్టె. నన్ను చూడగానే ఆయన లేచి నిలబడ్డాడు. చిక్కిపోయాడు.

"రావడం మానేశావేంరా?" అన్నాడు. అవసరమైనదానికన్నా గట్టిగా మాట్లాడుతున్నాడు.

"పని ఎక్కువైందన్నా."

"పని ఉండడమే మంచిది. కూర్చో. మీ వదిన నిన్ను అడుగుతూనే ఉంటుంది."

ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాడు. నేను తాగలేదు. ఆయన నా నోటి వైపే చూస్తున్నాడు.

"అన్నా, ఆ రోజు యార్డు బండి నడిపి చూసినప్పుడు నాకు వెనక కూత వినబడింది."

ఆయన తన కప్పు కింద పెట్టాడు. "మళ్ళీ చెప్పు."

ఆయన అర్థం కాక అడిగినట్టు లేదు. అయినా పెదవులు స్పష్టంగా కదిలిస్తూ మళ్ళీ చెప్పాను.

"ఎంత వేగంలో?"

"యాభై దాటాక. నువ్వు కాలు తీస్తే ఆగింది."

"పినియను."

"అవునన్నా."

"మరి అడిగాను కదరా. రెండుసార్లు అడిగాను. ఖాయమేనా అని కూడా అడిగాను."

"నీకు వినబడడం లేదని ఆ బ్రోకరుకు తెలిసిపోతుందని... నీ పరువు పోతుందని ఊరుకున్నాను."

ఆయన గొంతు తగ్గించి, నాకు మామూలుగా వినబడేలా అన్నాడు.

"నాకు వినబడదని నాకు తెలియదట్రా? అయిదేళ్ళ నుంచీ తెలుసు. మీ వదినకూ తెలుసు. మరి నిన్నెందుకు తీసుకెళ్ళాననుకున్నావు?"

ఏడు ఆదివారాలూ కళ్ళ ముందు తిరిగాయి. ఇంజను పక్కన నన్ను నిలబెట్టి అడిగిన ప్రతిసారీ ఆ మనిషి తన చెవుల స్థానంలో నన్ను పెట్టుకున్నాడు. నేనేమో నా పెద్దమనిషి తరహాలో మునిగిపోయి ఉన్నాను.

"మీ వదినది ఏడాదిగా ఒకటే పోరు. మేస్త్రీ కదా, వాడికి తెలియకుండా ఉంటుందా అంటుంది. వాడికి వినబడితే చెప్పేవాడే, చెప్పలేదంటే ఆ రోజు బండిలో చప్పుడు లేదన్నమాటే అని నేను ఆమెతో పోట్లాడాను. మొన్నమొన్నటిదాకా పోట్లాడుతూనే ఉన్నాను."

"అన్నా, నేనే బాగు చేద్దామనుకున్నాను. నీకు తెలియకుండా..."

ఆయన నా పెదవుల వైపు ఇంకొంచెంసేపు చూశాడు. తర్వాత కుర్చీతో సహా కిటికీ వైపు తిరిగిపోయాడు. బయట కాటా మీద బండేమీ లేదు. ఆయన దాన్నే చూస్తూ కూర్చున్నాడు. నేను చెప్పాలనుకున్నదంతా ఆయన వీపుకు చెప్పి లేచి వచ్చేశాను.